ఫ్రీ కన్సల్టేషన్ ఎవరికి ఫ్రీ?

ఫోన్ తెరిస్తే చాలు. బట్టతలకి జుట్టు, ముక్కుకి షేపు, పొట్టకి కోత, మొహానికి తెలుపు. కింద ఒక నంబరు. "ఫ్రీ కన్సల్టేషన్, ఈ వారమే, ఈఎంఐ కూడా ఉన్నాది" అని. ఒక్కసారి ఆ నంబరు నొక్కితే ఇక ఫోన్లే ఫోన్లు. టెక్కలిలో డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటన్న కుర్రోడికీ అదే ప్రకటన, చీపురుపల్లిలో సంబంధాలు చూస్తన్న ఆడపిల్లకీ అదే ప్రకటన.

అందంగా కనపడాలనుకోవడం తప్పు కాదు. ఎవరి మొహం వాళ్లది, ఎవరి కష్టార్జితం వాళ్లది. "పిల్ల నలుపు", "కుర్రోడికి ముందు జుట్టు నేదు" అని మొహం మీదే అనీసి, టీ తాగీసి లేచి వెళ్లిపోయే పెళ్లివారు ఉన్న చోట, ఆ మాట పడ్డ పిల్లల్నే మళ్లీ తప్పు పట్టడం అన్యాయం. కాబట్టి చేయించుకోవాలా వద్దా అని నేను తీర్పు చెప్పడం లేదు. చేయించుకోవాలనుకుంటే డాక్టర్ని ఎలగ ఎంచుకోవాలి, మొదటిసారి చూపించుకోడానికి డబ్బు కట్టాలా అక్కర్లేదా, ఈ రెండూ చెప్తాను.

నా మాట ముందే చెప్పేస్తన్నాను. ఫీజు ఉన్నాదా లేదా అన్నది రెండో సంగతి. ఆ గదిలో మీ ఎదురుగా కూర్చున్నది ఎవరు, "నీకు ఇది అక్కర్లేదు" అని చెప్పగల స్వేచ్ఛ ఆ మనిషికి ఉన్నాదా? అదీ మొదటి సంగతి.

ముందు తేడా తెలుసుకోండి

ప్లాస్టిక్ సర్జరీ అంటే అందం కోసం అని మన దగ్గర ఒక అపోహ. కాలిన చర్మం సరిచేయడం, గ్రహణం మొర్రి కుట్టడం, యాక్సిడెంట్‌లో నలిగిన చెయ్యి నిలబెట్టడం, ఇవన్నీ ప్లాస్టిక్ సర్జరీయే. పాడైనదాన్ని బాగు చేయడం అన్నమాట. బాగానే ఉన్నదాన్ని ఇంకా బాగుండాలని మార్చడం కాస్మెటిక్ సర్జరీ.

ఈ తేడా మీ జేబుకి సంబంధించింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటన్నారు. కాలిన గాయాలకీ, గ్రహణం మొర్రికీ ఈ పథకంలో దారి ఉన్నాది. అందం కోసం చేసే కోతకి లేదు. ఆరోగ్య ఇన్సూరెన్స్ పాలసీల్లో కూడా కాస్మెటిక్ సర్జరీని మినహాయిస్తారు. జీఎస్టీ చట్టం కూడా అంతే. పుట్టుకతో వచ్చిన లోపమో, దెబ్బ వల్ల వచ్చిన లోపమో సరిచేస్తే వైద్యం కింద పన్ను లేదు. జుట్టు నాటడం, అందం కోసం చేసే సర్జరీ అయితే ఆ మినహాయింపు రాదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా కాలిన మచ్చ వల్ల మెడ తిరగకపోయినా, పసిబిడ్డకి పెదవి చీలి ఉన్నా కాస్మెటిక్ క్లినిక్ ప్రకటన చూసి అప్పు చేయకండి. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. విశాఖ కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్నాది.

పేరు పక్కన ఏ అక్షరాలున్నాయి?

బోర్డు మీద "కాస్మెటిక్ సర్జన్", "ఈస్థటిక్ ఫిజీషియన్", "హెయిర్ ఎక్స్‌పర్ట్" అని రాసుకోవడం సులువు. చూడాల్సింది చదువు.

ముక్కు, రొమ్ము, పొట్ట, కొవ్వు తీయడం లాంటి పెద్ద పనులకి చూడాల్సిన డిగ్రీ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ గానీ. మామూలు దారి ఎలగుంటాదంటే, ఎంబీబీఎస్ అయ్యేక జనరల్ సర్జరీలో మూడేళ్లు, ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో మరో మూడేళ్లు. చర్మం, మచ్చలు, లేజరు, జుట్టు సంగతైతే చర్మవ్యాధుల్లో ఎండీ చేసిన డాక్టరు. వారం రోజుల సర్టిఫికెట్లు గోడ నిండా వేలాడదీసినా అవి ఈ డిగ్రీలకి సమానం కావు.

జుట్టు నాటడం గురించి నేషనల్ మెడికల్ కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబులో చూసో, వర్క్‌షాపులో చూసో ఇలాంటి పనులు మొదలెట్టడానికి ఆ శిక్షణ సరిపోదని అందులో నేరుగా రాసేరు. ఇంత మాట రాయాల్సి వచ్చిందంటే దేశంలో ఏటి జరుగుతన్నాదో అర్థం చేసుకోండి. కాన్పూరులో జుట్టు నాటించుకున్నాక ఇద్దరు ఇంజినీర్లు చనిపోయిన సంగతి 2025లో బయటపడింది. ఆ పని చేసిన మనిషి చదివింది పంటి వైద్యమని పోలీసు కేసు.

డిగ్రీ నిజమో కాదో చూడ్డానికి పెద్ద పలుకుబడి అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంటాది. పేరు గానీ, రిజిస్ట్రేషన్ నంబరు గానీ కొడితే వివరాలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో కూడా వాకబు చేయొచ్చు. నంబరు ఎక్కడ దొరుకుతాది అంటారా? 2002 నాటి వైద్యుల నడవడిక నిబంధనల ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబర్ని క్లినిక్‌లో కనపడేలాగ పెట్టాలి. మందుల చీటీ మీద, డబ్బు రశీదు మీద కూడా రాయాలి. అది లేని చీటీ ఇచ్చిన చోట రెండోసారి అడుగు పెట్టకండి.

ఇంకో మాట. ఊళ్లో ఆర్ఎంపీ చెప్పేడనో, పార్లరు అక్క చెప్పిందనో వెళ్తే, ఆ చెప్పినవాళ్లకి ఏమైనా ముడుతుందా అని అడగండి. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం అదే నిబంధనల్లో నిషేధం. ఆ కమీషన్ ఎవరి జేబులోంచి వస్తాదో వేరే చెప్పాలేటి?

ఇక ఫీజు సంగతి

ఫ్రీగా చూడాలనేవాళ్ల వాదనలో న్యాయం ఉన్నాది. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైన. ఇచ్ఛాపురం నుంచైతే రెండొందలు దాటుతాది. కూలి మానుకోవాలి, బస్సు ఛార్జీ, తోడొచ్చినవాళ్ల తిండి. ముగ్గురు డాక్టర్ల దగ్గర మాట్లాడి చూసుకోవాలంటే, ముగ్గురికీ ఫీజు కట్టడం మనలాంటోళ్లకి బరువే.

అయితే లెక్క చూడండి. డాక్టరు అరగంట సమయానికి ఖరీదు ఉన్నాది. గదికి అద్దె ఉన్నాది, ఏసీకి కరెంటు బిల్లు ఉన్నాది, మీ ఫోన్లో పడిన ప్రకటనకి బిల్లు ఉన్నాది. మీ దగ్గర పైసా తీసుకోలేదంటే ఆ ఖర్చంతా ఆపరేషన్‌కి ఒప్పుకున్నోడి బిల్లులోంచే రావాలి. అంటే వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకునేలాగ చేయడమే ఆ గది పని. అందుకే చాలా చోట్ల ఫ్రీ కన్సల్టేషన్‌లో మీ ఎదురుగా కూర్చునేది డాక్టరు కాదు, "కౌన్సిలర్" అనే మనిషి. మర్యాదగా మాట్లాడతారు, అద్దం చూపిస్తారు, మీకు అంతవరకూ తెలియని లోపం ఒకటి కనిపెడతారు. "ఈ రోజే అడ్వాన్స్ కడితే ఇరవై వేలు తగ్గిస్తాం" అంటారు. చేపల బజారులో కూడా కొనేముందు మొప్ప ఎత్తి చూస్తాం కదా! ఇక్కడ ఒంటి మీద కత్తి పెట్టించుకోడానికి సాయంత్రం లోపల చెప్పమంటే ఎలగ?

డబ్బు తీసుకున్న ప్రతి డాక్టరూ మంచోడని కాదు. ఫీజు కట్టించుకుని ఐదు నిమిషాల్లో పంపీసేవాళ్లూ ఉన్నారు. "ఫీజు కట్టండి, ఆపరేషన్ చేయించుకుంటే బిల్లులో తగ్గిస్తాం" అనేది ఇంకో ఎర. కట్టిన ఐదొందలు పోతాయని యాభై వేలు కట్టీసే మనస్తత్వం మనది.

న్యాయమైన పద్ధతి నా లెక్కలో ఇది. ఫీజు ఎంతో ముందే తెలియాలి. చేయించుకున్నా మానుకున్నా ఒకటే ఫీజు. ఆ ఫీజుకి డాక్టరే చూడాలి, చూసిందంతా కాగితం మీద రాసివ్వాలి. అప్పుడు మీరు కొన్నది ఆపరేషన్ కాదు, సలహా. ఆ సలహా "వద్దు" అయినా డాక్టరుకి నష్టం లేదు. ఇది నా కోరిక మాత్రమే కాదు. ఫీజులూ ఇతర ఛార్జీలూ బోర్డు మీద స్పష్టంగా పెట్టాలని 2002 నిబంధనల్లోనే ఉన్నాది.

"వద్దు" అన్న మాటకి విలువ ఎంతో ఒక ఉదాహరణ. ఇరవై రెండేళ్ల కుర్రోడికి ముందు జుట్టు రాలుతన్నాది. ఈ వయసులో ఎంత దూరం రాలుతాదో ఇంకా తేలదు. జుట్టు నాటడమంటే వెనక భాగం నుంచి తీసి ముందు పెట్టడం. కొత్తగా పుట్టించడం కాదు. వెనక ఉన్నది పరిమితం. ఇప్పుడే తీసి ముందు పెట్టీస్తే, నాలుగేళ్లకి మధ్యలో ఉన్నది కూడా రాలిపోతే, ముందు ఒక గీత, వెనక ఖాళీ. అప్పుడు తెచ్చి పెట్టడానికి సరుకు ఉండదు. తెలిసిన డాక్టరు "ముందు మందు వాడు, కొన్నాళ్లు ఆగు" అంటాడు. గ్రాఫ్ట్ లెక్కన అమ్మే చోట ఆ మాట వస్తాదా? గ్రాఫ్ట్‌కి 30 రూపాయలు అనుకుంటే 2,500 గ్రాఫ్ట్‌లకి 75,000. ఆగమంటే అంతా పోనాది కదా!

కొవ్వు తీయడమూ అంతే. లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు. తిండికీ వ్యాయామానికీ లొంగని చోట ఆకారం సరిచేసే పని. "ఒక్క రోజులో ఇరవై కేజీలు" అన్నోడు అబద్ధం చెప్తన్నట్టే.

నిజంగా ఫ్రీ అయిన సలహా ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం డాక్టరు ఓపీ. అక్కడ కూర్చున్న డాక్టరుకి మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా జీతంలో తేడా రాదు. మచ్చలు, మొటిమలు, జుట్టు రాలడం, తెల్లబడ్డానికని రాసుకున్న స్టెరాయిడ్ క్రీము వల్ల మొహం ఎర్రగా అయిపోవడం, వీటికి ముందు అక్కడే చూపించుకోండి. వరస పెద్దదే, విసుగూ ఉంటాది. అయినా సగం మందికి కత్తి దాకా వెళ్లే పని అక్కడే తప్పిపోవచ్చు.

గదిలో కూర్చున్నాక అడగాల్సినవి

ఒకటి. ఆపరేషన్ మీరే చేస్తారా, మీ పేరు చెప్పి టెక్నీషియన్లు చేస్తారా?

రెండు. ఇలాంటివి మీరు చేసినవాటిలో బాగా రానివి ఎలగుంటాయి? బాగొచ్చిన ఫొటోలు అందరూ చూపిస్తారు. రెండోవాటి గురించి మాట్లాడే డాక్టరు దొరికితే అదృష్టం.

మూడు. మత్తు ఎవరు ఇస్తారు? మత్తు డాక్టరు మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉంటారా? నాకు ఏదైనా అయితే ఏ ఆసుపత్రికి, ఎంతసేపట్లో తీసుకెళ్తారు? ఆక్సిజన్, గుండె ఆగితే చూసే ఏర్పాటు ఇక్కడ ఉన్నాదా?

నాలుగు. మొత్తం ఖర్చు ఎంత? పరీక్షలు, మందులు, పన్ను, మళ్లీ సరిచేయాల్సి వస్తే అయ్యేది, అన్నీ కలిపి రాసివ్వండి.

ఐదు. ఎన్ని రోజులు పని మానాలి? కుట్లు విప్పడానికి ఎన్నిసార్లు రావాలి? రాత్రి రక్తం కారితే ఎవరికి ఫోన్ చేయాలి? ఊరు వంద కిలోమీటర్లు ఉన్నోళ్లకి ఇది చిన్న ప్రశ్న కాదు. మొదటి రెండు రోజులు విశాఖలోనే ఉండే ఏర్పాటు చేసుకోండి.

డాక్టరు మిమ్మల్ని అడగాల్సినవీ ఉన్నాయి. అడక్కపోతే అనుమానించండి. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నాదా? పొగ తాగితే గాయం మానడం ఆలస్యం. ఏ మందులు వాడుతన్నారు? షుగరు, బీపీ, ఆయాసం? మన ప్రాంతానికి ఇంకో రెండు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు కిడ్నీ పరీక్ష చేయించకుండా ఏ ఆపరేషన్‌కీ ఒప్పుకోకండి. ఉద్దానం జబ్బు బయటికి కనపడకుండా లోపల ఉంటాది, నొప్పి మాత్రలు కిడ్నీని ఇంకా పాడు చేయగలవు. పార్వతీపురం, సీతంపేట, సాలూరు ఏజెన్సీ వాళ్లు సికిల్ సెల్ పరీక్ష చేయించుకోండి. ఈ రెండు ఊసులూ ఎత్తకుండా తేదీ ఇచ్చే చోటు మనకి పనికిరాదు.

చెప్పకుండా వెళ్లకండి

నువ్వు నాకు నచ్చావ్ సినిమా కథానాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయింది. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నాదని అప్పట్లో వార్తలు వచ్చేయి. 2022 మేలో బెంగళూరులో కొవ్వు తీయించుకోడానికి వెళ్లిన 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ చనిపోయింది. తల్లిదండ్రులకి ముందు చెప్పలేదు. 2016లో హైదరాబాదులో ఒక యువ ఇంజినీరు ఎత్తు పెరగాలని, బాగున్న రెండు కాళ్ల ఎముకలూ కోయించుకున్నాడు. ఇంట్లో తెలీదు. కొడుకు కనపడ్డం లేదని అమ్మానాన్నలు పోలీసులకి చెప్పుకున్నాక ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసింది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులోనే, పెళ్లికి ముందు నవ్వు బాగుండాలని పంటి క్లినిక్‌కి వెళ్లిన 28 ఏళ్ల కుర్రోడు ప్రాణంతో తిరిగి రాలేదు. మత్తు ఎక్కువైందని తండ్రి ఫిర్యాదు చేసేడు.

భయపెట్టడానికి ఇవి చెప్పలేదు. ఎంతోమంది చేయించుకుని బాగానే ఉన్నారు. అయితే సిగ్గుపడి ఒంటరిగా వెళ్తే, ఏదైనా అయినప్పుడు "ఈ గుంటడికి ఈ మందు పడదు" అని చెప్పే మనిషి అక్కడ ఉండరు. అమ్మకి చెప్పలేకపోతే అక్కకి చెప్పండి, బావకి చెప్పండి, ఒక స్నేహితుణ్ణి తీసుకెళ్లండి. పక్కన ఒక మనిషి ఉంటే కౌన్సిలర్ గొంతు కూడా తగ్గుతాది.

సంతకం పెట్టే ముందు, పెట్టిన తర్వాత

సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఏటి చేస్తన్నారు, ఎందుకు, లాభం ఏటి, ప్రమాదం ఏటి, వేరే దారి ఏటి, ఇవన్నీ రోగికి అర్థమయ్యేలాగ చెప్పి తీసుకున్నదే అంగీకారం. ఇంగ్లీషు కాగితం ముందు పడేసి "ఇక్కడొక సంతకం" అంటే అది అంగీకారం కాదు. తెలుగులో చదివి చెప్పమనండి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాననండి.

ఫ్రీగా చూపించుకున్నాను కదా, నాకు హక్కు ఉన్నాదా అని అడుగుతారు కొందరు. ఉన్నాది. 1995లో వి.పి. శాంతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా చేసే చోటికి వినియోగదారుల చట్టం వర్తించదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట అయితే, ఉచితంగా చూపించుకున్నవాళ్లూ వినియోగదారులే. కాకపోతే రుజువు కావాలి. అందుకే ఫ్రీ అయినా చీటీ అడగండి. తేదీ, డాక్టరు పేరు, ఏం చెప్పేరో అందులో ఉండాలి. వాట్సాప్ మెసేజీలు, ప్రకటన స్క్రీన్‌షాట్లు తుడిచీకండి.

తేడా జరిగితే ముందు మీ రికార్డులు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన. డాక్టరు నడవడిక మీద ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కీ, క్లినిక్ మీద జిల్లా వైద్యాధికారి ఆఫీసుకీ ఫిర్యాదు చేయొచ్చు. నష్టపరిహారానికి శ్రీకాకుళం, విజయనగరంలో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. రెండేళ్ల లోపల వేయాలి. ఎలగ వేయాలో తెలీకపోతే 1915కి ఫోన్ చేయండి.

అడగాల్సింది మనమే కాదు

జాగ్రత్తలన్నీ రోగి నెత్తిన పెట్టి ప్రభుత్వం తప్పుకోకూడదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కి రాష్ట్రంలో 2002 నుంచి చట్టం ఉన్నాది. బోర్డు మీద ఫీజు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడ్డానికి జిల్లా అధికారికి కొత్త జీవో అక్కర్లేదు, జీపు ఎక్కితే చాలు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ వారానికి ఒక్క రోజైనా ప్లాస్టిక్ సర్జన్ ఓపీ పెడితే, కాలిన బిడ్డని ఎత్తుకుని కేజీహెచ్ దాకా వెళ్లే తల్లికీ మేలు, ప్రకటన చూసి తాకట్టుకి గాజులు తీసిన పిల్లకీ మేలు. ఫ్రీ కన్సల్టేషన్ అంటే అదీ. మీ మండలం యువజన సంఘం నుంచి సోమవారం అర్జీల్లో ఈ ఒక్కటి పెట్టండి.

అంతవరకూ ఒక చిన్న నియమం. మొదటి రోజు ఏ చోటా అడ్వాన్స్ కట్టకండి. ఇంటికి వచ్చీండి. నెల రోజులాగండి. అప్పటికీ కావాలనిపిస్తే వెళ్లండి. నెల ఆగితే ఆపరేషన్ ఎక్కడికీ పోదు. ఆగొద్దని తొందర పెట్టిన డాక్టరు పోతాడు, అంతే.